ఆ పాలు ఏమయ్యాయి?



పొద్దున్నే ఎన్ని పాలు వచ్చాయి, కాఫీకి ఎన్ని పోయాయి, తోడుకి ఎన్ని తీశాం, చంటిదానికి ఎన్ని దాచాం – ఈ లెక్క మనకెవరూ నేర్పలేదు. గిన్నెలో గ్లాసెడు తగ్గితే పిల్లి మూతి పెట్టిందో, పెద్దాడు వెళ్తూ వెళ్తూ తాగేశాడో కనిపెట్టందే మనకి తోచదు. ఇవాళ నేను ముచ్చటించబోయే నవల కూడా ఇలాంటి ఓ పాల లెక్కతోనే మలుపు తిరుగుతుంది. ఒక దొడ్లో ఒక పూట ఐదు బకెట్ల పాలు మాయమయ్యాయి. అవి ఎటు పోయాయని ఎవరూ నిలేసి అడగలేదు. అడగని పాపానికి ఆ దొడ్లోవాళ్ళు తర్వాత తమ గుడ్లు పోగొట్టుకున్నారు, పిల్లల్ని పోగొట్టుకున్నారు, చివరికి ప్రాణాలే పోగొట్టుకున్నారు.

ఆ పుస్తకం పేరు ‘యానిమల్ ఫార్మ్’. రాసినాయన జార్జ్ ఆర్వెల్. 1945 ఆగస్టు 17న లండన్‌లో అచ్చయింది. చిన్న పుస్తకం. వంటయ్యాక పడుకునేలోగా రెండు మూడు రాత్రులు కూర్చుంటే అయిపోతుంది. పైకి చూస్తే పిల్లల కథే. పందులు, గుర్రాలు, కోళ్ళు, గొర్రెలు మాట్లాడతాయి. లోపల మాత్రం ఒక మహాదేశాన్ని ఒక నియంత ఎలా గుప్పిట్లో పెట్టుకున్నాడో చెప్పే కథ.

“రాజకీయాలు మనకెందుకండీ” అని కొందరు అనబోతున్నారని నాకు తెలుసు. ఒక్క క్షణం ఆగండి. ఈ పుస్తకం గురించి పెద్దపెద్ద పండితులు ఎంతో రాశారు. నేను మెట్రిక్‌తో చదువు ఆపినదాన్ని, వాళ్ళతో పోటీ పడను. కానీ ఇందులో జరిగే అన్యాయాలన్నీ పాల దగ్గరా, గుడ్ల దగ్గరా, పసిపిల్లల దగ్గరా మొదలవుతాయి. ఆ సంగతులు మనకంటే బాగా ఎవరికి తెలుసు చెప్పండి?

ముందు ఈ రకం కథ గురించి రెండు మాటలు. ఒకటి చెబుతూ వేరొకటి తెలియజేయడాన్ని మన పెద్దలు అన్యాపదేశం అన్నారు. అత్తగారు కోడల్ని అనదల్చుకుని పిల్లిని తిట్టినట్టన్నమాట! ఇది మనకి కొత్త కాదు. పంచతంత్రం విన్నవాళ్ళమే కదా. పరవస్తు చిన్నయసూరి గారు 1853లో ‘నీతిచంద్రిక’ పేరుతో మిత్రలాభం, మిత్రభేదం తెలుగులో చెప్పారు. మిత్రభేదంలో దమనకుడనే నక్క సింహం చెవిలో ఊది ఊది, ఏ పాపం ఎరగని ఎద్దు మీద అనుమానం పుట్టించి చంపించేస్తుంది. ఆ నక్కలిద్దరి పేర్లూ అరబ్బీ దాకా ప్రయాణం చేసి ‘కలీలా దిమ్నా’ అయ్యాయి. కొలువుల్లో జరిగే కుట్రలు జంతువుల నోట చెప్పించడం అంత పాత విద్య.

ఎందుకలా చెప్పడం? రాజుని రాజని అంటే తల పోతుంది. సింహమంటే “నేను అడవి సంగతి చెబుతున్నాను మహాప్రభో” అని తప్పుకోవచ్చు. మన దేశంలోనూ 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా అత్యవసర పరిస్థితి నడిచింది కదా. అప్పుడు పత్రికల మీద సెన్సారు పెట్టారు. తిన్నగా రాయలేని మాట సందులోంచి వస్తుందని అప్పుడు పత్రికలు చదివినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అయితే పంచతంత్రానికీ, ఈ నవలకీ ఒక తేడా ఉంది. విష్ణుశర్మ కథలు చెప్పింది రాజకుమారులకి, రాజ్యం ఎలా ఏలాలో నేర్పడానికి. ఆర్వెల్ చెప్పింది ఏలబడేవాళ్ళకి, మనల్ని ఎలా మోసగిస్తారో చూసుకోమని.

ఇక కథలోకి వద్దాం. జోన్స్ అనే ఆసామికి ఇంగ్లండు పల్లెటూళ్ళో ఒక వ్యవసాయ క్షేత్రం ఉంది. తాగుబోతు. పశువులకి వేళకి మేత వెయ్యడు. ఒక ముసలి పంది చనిపోయే ముందు పశువులన్నిటినీ పోగేసి, మన కష్టం మనిషి తింటున్నాడు, ఎప్పటికైనా తిరగబడండి అని చెబుతుంది. మేత లేక కడుపు మాడిన ఒకరోజు పశువులు నిజంగానే తిరగబడి జోన్స్‌ని తరిమేస్తాయి. ఇక దొడ్డి మనదే, అందరం సమానమే అని సంబరం. కొట్టం గోడ మీద పెద్దపెద్ద తెల్లటి అక్షరాలతో ఏడు సూత్రాలు రాసుకుంటాయి. మనిషిలా మంచం మీద పడుకోకూడదు, మద్యం తాగకూడదు, ఒక పశువు ఇంకో పశువుని చంపకూడదు – ఇలాంటివి. ఎంత మంచి నియమాలు!

ఆ సంబరంలోనే ఎవరికో గుర్తొస్తుంది, ఆవులకి పాలు పితకలేదని. పందులే ఎలాగో తంటాలు పడి పితికితే ఐదు బకెట్లు నురగలు కక్కుతూ నిండాయి. ఇంతపాలూ ఏం చేద్దామని ఒకళ్ళిద్దరు అడుగుతారు. నెపోలియన్ అనే పంది బకెట్లకి అడ్డం నిలబడి, పాల సంగతి తర్వాత, ముందు పొలం కోతకి పదండి అంటుంది. అందరూ వెళతారు. సాయంత్రం వచ్చేసరికి బకెట్లు ఖాళీ.

కొన్నాళ్ళకి తేలుతుంది, ఆ పాలు రోజూ పందుల కుడితిలో కలుస్తున్నాయని. తర్వాత చెట్ల కింద రాలిన ఆపిల్ పళ్ళు కూడా పందులకే అన్నారు. స్క్వీలర్ అని ఒక పంది ఉంది, మాటకారి, మన దమనకుడికి తమ్ముడనుకోండి. ఆ పంది వచ్చి ఏం చెబుతుందంటే, మాకు పాలూ పళ్ళూ అంటే అసలు ఇష్టమే లేదు, కానీ మేం బుర్రతో పని చేసేవాళ్ళం, మీ మేలు కోసమే కష్టపడి తాగుతున్నాం అని! పైగా మేం నీరసపడితే జోన్స్ తిరిగి వస్తాడు, రమ్మంటారా అని అడుగుతుంది. జోన్స్ వస్తాడంటే ఎవరు నోరెత్తుతారు? అక్కడితో పాల గొడవ సమాప్తం.

ఆర్వెల్ తర్వాత ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, కథ మొత్తానికి అసలు మలుపు ఇదేనని చెప్పారు. పందులు పాలూ పళ్ళూ తమకే ఉంచుకున్ననాడే మిగతా జంతువులు గట్టిగా నిలబడి ఉంటే సరిపోయేదని ఆయన ఉద్దేశం. చూశారా, తుపాకులూ జైళ్ళూ రాకముందే, పాల గిన్నె దగ్గరే దొరికిపోయిన దొంగతనం!

రెండో సంగతి మనసు కలచివేసేది. దొడ్లో రెండు ఆడకుక్కలు ఈనాయి. తొమ్మిది కుక్కపిల్లలు. పాలు మరవగానే నెపోలియన్ వాటిని తల్లుల దగ్గర్నించి తీసుకుపోయి, చదువు నేను చెప్పిస్తానని, నిచ్చెన వేస్తే గానీ అందని అటక మీద పెట్టేసింది. ఎవరికీ కనపడకపోయేసరికి అందరూ వాటిని మరిచిపోయారు. కొన్ని నెలలు గడిచాక ఒక సభలో నెపోలియన్ ఓ వింత కూత కూస్తే, తొమ్మిది భయంకరమైన వేటకుక్కలు ఉరికి వచ్చి, పోటీ నాయకుడైన స్నోబాల్ అనే పందిని దొడ్డి దాటేదాకా తరిమాయి. అవి ఆ పిల్లలే! ఇప్పుడు వాటికి తల్లి ఎవరో తెలీదు. నెపోలియన్ చుట్టూ తోకాడిస్తూ తిరగడమే తెలుసు. పిల్లలకి చిన్నప్పుడే ఎవరు ఏం నూరిపోస్తున్నారో తల్లి కనిపెట్టుకుని ఉండాలనడానికి ఇంతకంటే ఏం చెప్పాలి?

మూడోది కోళ్ళ కథ. దొడ్డికి డబ్బు కావాలని, వారానికి నాలుగు వందల గుడ్లు బయట అమ్మేందుకు నెపోలియన్ ఒప్పందం చేసుకుంది. కోళ్ళు అప్పుడే పొదగడానికి గుడ్లు సర్దుకుంటున్నాయి. మా పిల్లల్ని చంపుతారా అని గొల్లుమన్నాయి. ఆ దొడ్లో జోన్స్ పోయాక మొదటిసారి ఎదురు తిరిగింది ఎవరనుకున్నారు? ఈ కోళ్ళే, ఆడవాళ్ళే! వాసాల మీదికి ఎగిరి అక్కడే గుడ్లు పెట్టాయి. గుడ్లు కింద పడి పగిలిపోయాయి. నెపోలియన్ ఏం చేసింది? కోళ్ళకి గింజలు ఆపేసింది. ఎవరైనా ఒక్క గింజ వేసినా చంపేస్తానంది. ఐదు రోజులు తట్టుకుని చివరికి లొంగిపోయాయి. ఈలోగా తొమ్మిది కోళ్ళు చచ్చాయి. అవి తెగులొచ్చి పోయాయని చాటించారు.

ఇదంతా ఊరికే కల్పించింది కాదు. 1917లో రష్యాలో విప్లవం వచ్చి జార్ చక్రవర్తుల పాలన పోయింది. అందరికీ కూడూ గుడ్డా సమానం అనే గొప్ప ఆశతో వచ్చిన విప్లవం. తర్వాత అధికారం స్టాలిన్ చేతికి చిక్కింది. నెపోలియన్ అంటే స్టాలిన్. తరిమేసిన స్నోబాల్ అంటే ట్రాట్‌స్కీ. ఆయన్ని 1929లో దేశం వెళ్ళగొట్టారు, 1940లో మెక్సికోలో చంపించారు. దొడ్లో గాలిమర కట్టడానికి పశువులు రాళ్ళు మోసి మోసి చావడం 1928లో మొదలైన పంచవర్ష ప్రణాళికలకి గుర్తు. కోళ్ళు గుడ్లు పగలగొట్టడమంటే, రైతుల భూముల్నీ పశువుల్నీ సమష్టి క్షేత్రాల్లో కలిపేస్తుంటే వాళ్ళు ఇవ్వడం ఇష్టంలేక తమ పశువుల్ని తామే కోసుకోవడం. ఆ తర్వాత 1932, 33లో ఉక్రెయిన్‌లో వచ్చిన కరువులో లక్షలకి లక్షలు జనం ఆకలితో పోయారు. ఊళ్ళలో ధాన్యం ఊడ్చుకుపోయి, కరువనే మాటే బయటికి రానివ్వలేదు. తొమ్మిది కోళ్ళు తెగులొచ్చి చచ్చాయనడం వెనక ఇంత కన్నీరు ఉంది.

కథలో ఇంకో ఘోరం. ఒకరోజు కొన్ని పశువులు ముందుకొచ్చి, తాము చెయ్యని నేరాలన్నీ చేశామని ఒప్పుకుంటాయి. అక్కడికక్కడే కుక్కలు వాటి గొంతులు కొరికేస్తాయి. 1936 నుంచి 1938 దాకా మాస్కోలో జరిగిన విచారణలు ఇవే. విప్లవంలో స్టాలిన్ పక్కన నిలబడ్డవాళ్ళే కోర్టులో నిలబడి మేం ద్రోహులమని ఒప్పుకున్నారు, మరణశిక్షలు పొందారు.

ఇప్పుడు ఈ పుస్తకంలో నాకు అందరికంటే దగ్గరగా అనిపించిన మనిషి గురించి చెబుతాను. మనిషి అంటున్నాను గానీ ఆమె ఒక ఆడగుర్రం. పేరు క్లోవర్. నడివయసు. నాలుగో కాన్పు తర్వాత పాత ఒళ్ళు మళ్ళీ రాలేదట పాపం! మొదటి సభలోనే, తల్లి లేని బాతుపిల్లలు తొక్కిడి పడిపోతుంటే తన ముందుకాలు అడ్డుపెట్టి గూడు చేసి కూర్చోబెట్టుకున్న ఇల్లాలు. ఆమెకి అక్షరాలన్నీ వచ్చు, కూడబలుక్కుని చదవడం రాదు.

పందులు ఒకనాడు జోన్స్ ఇంట్లో చేరి మంచాల మీద పడుకోవడం మొదలుపెట్టాయి. క్లోవర్‌కి అనుమానం వచ్చింది, మంచం కూడదని గోడ మీద రాసుకున్నాం కదా అని. కొట్టం దగ్గరికి వెళ్ళి మ్యూరియల్ అనే మేకని పిలిచి చదవమంది. చూస్తే ఆ సూత్రంలో దుప్పటి సంగతి కొత్తగా చేరి ఉంది. దుప్పటి వేసిన మంచం కూడదుట, ఉత్త మంచం అయితే ఫరవాలేదుట! తర్వాత పశువుల్ని చంపినప్పుడు చూస్తే, కారణం లేకుండా చంపకూడదని ఉంది. పందులు సారా తాగాక చూస్తే, మితిమీరి తాగకూడదని ఉంది. ప్రతిసారీ ఆమె అనుకుంటుంది, నాకే సరిగ్గా గుర్తులేదేమో అని. ఒక అర్ధరాత్రి కొట్టం దగ్గర దబ్బున చప్పుడైతే అందరూ పరుగెత్తారు. నిచ్చెన విరిగి ఉంది, స్క్వీలర్ కింద పడి ఉంది, పక్కనే లాంతరు, కుంచె, ఒలికిపోయిన తెల్లరంగు. అంత కళ్ళకి కట్టినట్టున్నా, ఒక్క ముసలి గాడిదకి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. ఆ గాడిద అర్థమైనా నోరు విప్పలేదు.

సోదరీమణులారా, నిరంకుశ పాలన గురించి ఇంత తేలిగ్గా, ఇంత లోతుగా చెప్పిన ఘట్టం నేను వేరే చదవలేదు. కొట్టి చంపేది ఒక ఎత్తు. నీకు గుర్తున్నది తప్పు అని నిన్ను నువ్వే అనుకునేలా చెయ్యడం ఇంకో ఎత్తు. అచ్చు పుస్తకాలు మారుస్తారు, ఫోటోల్లోంచి మనుషుల్ని తుడిచేస్తారు. స్టాలిన్ కాలంలో అదీ జరిగింది. నిన్నటి వీరుడి బొమ్మ ఇవాళ ఫోటోలో ఉండదు. అడిగితే అసలు లేడంటారు. మనకి మాత్రం ఇది అంత దూరపు సంగతా? “అలా అన్లేదే, నువ్వే మర్చిపోయావు” అని నలుగురూ కలిసి పదిసార్లు అంటే, చిట్టీ డబ్బు గురించో, పొలం మాట గురించో మన జ్ఞాపకాన్ని మనమే అనుమానించుకున్న సందర్భాలు ఎంతమందికి లేవు? అందుకే మన పెద్దలు నోటిమాట నీటిమూట అన్నారు. కాగితం మీద పెట్టుకోవాలి. పెట్టుకున్నది మన కళ్ళతో మనం చదువుకోగలగాలి. క్లోవర్‌కి లేనిది తెలివి కాదు, చదువు. తనకోసం ఇంకొకరు చదివి పెట్టాలి. ఆడపిల్ల చదువెందుకు అనేవాళ్ళు ఇంకా ఉన్నారంటే ఈ గుర్రం కథ చెప్పండి.

చదువొచ్చినంత మాత్రాన సరిపోతుందా అంటే అదీ కాదు. ఆ గాడిద పేరు బెంజమిన్. పందులతో సమానంగా చదవగలదు. కానీ ఏం లాభం, ఎవరొచ్చినా మన బతుకింతే అని ఊరుకునేది. దాని ప్రాణస్నేహితుడు బాక్సర్ అనే గుర్రం. ఒళ్ళు దాచుకోకుండా గాలిమర రాళ్ళు మోసి మోసి చివరికి కూలిపోయింది. పట్నం ఆసుపత్రికి పంపుతున్నామని పందులు బండి తెప్పించాయి. ఆ బండి మీద రాసింది బెంజమిన్ చదివింది. అది గుర్రాల్ని కోసే కసాయివాడి బండి! అప్పుడు అరిచింది. కానీ అప్పటికే తలుపులు మూశారు. ఆ తర్వాత పందుల ఇంటికి ఒక పెట్టెడు విస్కీ సీసాలు దిగాయి. కడుపులో పెట్టుకున్న మాట వేళకి చెప్పకపోతే చదువున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

చివరి పుటల్లో పందులు రెండుకాళ్ళ మీద నడుస్తాయి. గోడ మీద ఏడు సూత్రాలు పోయి ఒక్కటే మిగులుతుంది. సమానత్వమనే మాట ఉంటుంది, కాని అందులో కొందరు ఎక్కువ సమానమని తోక తగిలిస్తారు. ఆఖరి రాత్రి పందులూ, పక్క ఊళ్ళ ఆసాములూ కలిసి పేకాడుకుంటూ విందు చేసుకుంటుంటే, కిటికీలోంచి పశువులు చూస్తాయి. ఏది పందో, ఏది మనిషో ముఖం చూసి పోల్చుకోలేకపోతాయి. 1943లో టెహరాన్‌లో స్టాలిన్, చర్చిల్, రూజ్‌వెల్ట్ ముగ్గురూ కలుసుకుని చేతులు కలిపారు కదా, ఆ చిత్రమే ఇది.

రాసినాయన గురించి కూడా కొంచెం తెలుసుకోవాలి. ఆర్వెల్ అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. పుట్టింది 1903లో మన బీహార్‌లోని మోతీహారిలో! తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. ఏడాది పిల్లాడిగా ఉండగానే తల్లి ఇంగ్లండు తీసుకెళ్ళిపోయింది. పెద్దయ్యాక బర్మాలో పోలీసు ఉద్యోగం చేసి, సామ్రాజ్యమంటే వెగటు పుట్టి వదిలేశారు. స్పెయిన్ యుద్ధానికి వెళ్ళి 1937లో గొంతులో గుండు దెబ్బ తిన్నారు. అక్కడే స్టాలిన్ మనుషులు తమ సాటి పోరాటగాళ్ళనే ద్రోహులంటూ పట్టి జైళ్ళలో వెయ్యడం కళ్ళారా చూశారు. భార్యతో సహా ప్రాణాలు దక్కించుకుని సరిహద్దు దాటి వచ్చారు. ఆయన సమానత్వానికి శత్రువు కాదు సుమా! తను సోషలిస్టునని చివరిదాకా చెప్పుకున్న మనిషి. సమానత్వం పేరు పెట్టుకుని పాలు దొంగిలించేవాళ్ళ మీదే ఆయన కోపం.

ఇంకో ముచ్చట, మనలాంటి రేడియో వాళ్ళకి. 1941 నుంచి 1943 దాకా ఆయన బి.బి.సి.లో మన దేశానికి ప్రసారమయ్యే ప్రసంగాలు తయారుచేసే ఉద్యోగం చేశారు. అది వదిలిపెట్టాక 1943 నవంబరు నుంచి 1944 ఫిబ్రవరి దాకా రాసిన పుస్తకమే ఇది.

ఆయన భార్య ఐలీన్ గురించి చెప్పకపోతే అన్యాయం. ఆక్స్‌ఫర్డులో ఆంగ్ల సాహిత్యం చదివిన మనిషి. యుద్ధకాలంలో ఆహార శాఖలో పని చేశారు. రేషను సరుకులతో ఇల్లు ఎలా గడుపుకోవాలో గృహిణులకి చెప్పే ‘కిచెన్ ఫ్రంట్’ అనే రేడియో కార్యక్రమానికి ఆమె పని చేసేవారు. ఎంత దగ్గరిదనిపిస్తోందో చూడండి! ఆర్వెల్ రోజు రాసింది రాత్రి ఆమెకి చదివి వినిపించేవారు, ఆమె నవ్వుతూ సలహాలు చెప్పేవారు. అంతకు ముందు ఆయన పుస్తకాల్లో లేని హాస్యం, తేలికతనం ఇందులోకి వచ్చాయంటే ఆమె చలవే అని చాలామంది అభిప్రాయం. 1944 జూన్‌లో జర్మనీ బాంబు పడి వాళ్ళ ఇల్లు కూలింది. పుస్తకం ప్రతి శిథిలాల్లోంచి నలిగిపోయి బయటపడింది. 1945 మార్చి 29న ఆపరేషను బల్ల మీదే ఐలీన్ కన్నుమూశారు. పుస్తకం అచ్చులో చూసుకోకుండానే వెళ్ళిపోయారు.

అచ్చు కావడం కూడా తేలిగ్గా జరగలేదు. అప్పుడు రష్యా ఇంగ్లండుకి యుద్ధంలో మిత్రదేశం. స్టాలిన్‌ని ఏమైనా అంటే బాగుండదని ఒక ప్రచురణకర్త తర్వాత ఒక ప్రచురణకర్త తప్పుకున్నారు. ఒకాయన సమాచార శాఖలో ఒక అధికారి సలహా అడిగి వెనక్కి తగ్గారు. పందులు కాక ఇంకో జంతువైతే ఇంత నొచ్చుకోరేమో అని కూడా రాశారు. ఆ అధికారి సోవియట్ గూఢచారేనని తర్వాతివాళ్ళు తేల్చారు. మహాకవి టి.ఎస్. ఇలియట్ కూడా తన సంస్థ తరఫున తిప్పి పంపారు. పందులే అన్నిటికంటే తెలివైనవి కనక, ఇంకాస్త పరోపకార బుద్ధి ఉన్న పందులుంటే సరిపోయేదని ఆయన వాదన! ప్రభుత్వం నిషేధించలేదు, పోలీసులు రాలేదు. ఎవరికి వాళ్ళే నోరు నొక్కుకున్నారు. చివరికి సెకర్ అండ్ వార్‌బర్గ్ వారు నాలుగున్నర వేల ప్రతులు వేశారు.

తర్వాత ఈ పుస్తకం ఎక్కడెక్కడికి వెళ్ళిందో వినండి. యుద్ధం అయ్యాక జర్మనీ శిబిరాల్లో ఉక్రెయిన్ శరణార్థులు తలదాచుకుంటున్నారు. ఈహోర్ షెవ్‌చెంకో అనే యువకుడు ఇంగ్లీషు పుస్తకం చేత్తో పట్టుకుని, అప్పటికప్పుడు తమ భాషలోకి మారుస్తూ వాళ్ళకి చదివి వినిపించాడు. కరువు చూసినవాళ్ళు, ఇళ్ళు వాకిళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు. ఈ కథ తమదేనని గుర్తుపట్టారు. 1947లో ఉక్రెయిన్ భాషలో అచ్చయింది. దానికోసం ఆర్వెల్ ప్రత్యేకంగా ముందుమాట రాశారు, పైసా తీసుకోలేదు. అప్పుడక్కడ అధికారంలో ఉన్న అమెరికా సైనికాధికారులు చాలా ప్రతులు పట్టుకుని సోవియట్ వాళ్ళకి అప్పగించేశారు! అదే అమెరికా గూఢచారి సంస్థ మళ్ళీ కొన్నేళ్ళకి ఈ కథనే బొమ్మల సినిమాగా తీయడానికి వెనక నుంచి డబ్బిచ్చింది. 1954లో వచ్చిన ఆ సినిమాలో ముగింపు మార్చేశారు. పశువులు పందుల మీద మళ్ళీ తిరగబడినట్టు చూపించారు. గోడ మీద సూత్రం మార్చినట్టే, గోడ మీద సూత్రాలు మార్చే కథనీ మార్చారన్నమాట. పుస్తకం ఒక పక్షానిది కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. ఎవరికి ఇబ్బందైతే వాళ్ళు ఆపారు, ఎవరికి ఉపయోగమైతే వాళ్ళు దిద్దుకున్నారు.

సోవియట్ దేశంలో ఇది బహిరంగంగా అచ్చయింది 1980ల ఆఖర్లో. 1991లో ఆ రాజ్యమే లేకుండా పోయింది. ఆర్వెల్ మాత్రం 1950 జనవరిలోనే, నలభై ఆరేళ్ళకే క్షయతో పోయారు. స్టాలిన్ లేడు, ఆ రాజ్యమూ లేదు, మరి పుస్తకం ఇంకా ఎందుకు చదవాలి? ఎందుకంటే పాలు మాయం కావడం ఒక్క రష్యాలోనే జరిగే పని కాదు. ఏ జెండా కింద అయినా, ఏ సంఘంలో అయినా, ఆఖరికి మన మహిళా మండలి లెక్కల్లో అయినా జరగొచ్చు. దాని గుర్తులు ఎప్పుడూ ఒకటే. లెక్క అడిగితే పాత శత్రువు పేరు చెప్పి భయపెడతారు. నాయకుడి సుఖం మన మేలుకోసమే అంటారు. ఎవరైనా ప్రశ్నించబోతే గొర్రెలు గుంపుగా ఒకే పాట అరిచి ఆ గొంతు వినపడనివ్వవు. రాసుకున్న నియమంలో ఎవరూ చూడనప్పుడు ఒక చిన్న మాట చేరుతుంది.

మీ పిల్లలకి ఈ కథ చెప్పండి. ఎనిమిదేళ్ళవాడికి జంతువుల కథగా చెప్పండి, బాక్సర్ దగ్గర ఏడుస్తాడు, ఏడవనివ్వండి. పదో తరగతికి వచ్చాక స్టాలిన్ పేరు చెప్పండి. పాలు పోయిన చోట కాసేపు ఆగి, “నువ్వైతే అప్పుడు ఏం చేసేవాడివిరా?” అని అడగండి. కోతకి వెళ్ళేవాణ్ణి అంటాడా, బకెట్ల దగ్గరే నిలబడేవాణ్ణి అంటాడా? మీరు జవాబు చెప్పకండి. వాడినే ఆలోచించుకోనివ్వండి. ఆ ప్రశ్న ఇంట్లో అలవాటైతే, రేపు వీధిలో అడగడానికి వాడికి గొంతు పెగులుతుంది.